పీడనం, వోల్టేజి జంటగా నడిపే కేశనాళిక క్రొమటోగ్రఫీ

మిశ్రమంలోని పదార్థాలను విడదీయడానికి, వెంట్రుకంత సన్నని సిలికా గొట్టంలో ద్రవాన్ని పంపుతో నెడుతూనే ఆ గొట్టం రెండు కొసల మధ్య వేల వోల్టుల విద్యుత్తు పెట్టే పద్ధతి ఇది. దీని పూర్తి పేరు పీడనసహిత కేశనాళిక ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ. పొట్టిగా పీసీఈసీ అంటారు. గొట్టం లోపలి వ్యాసం మామూలుగా 50 నుంచి 100 మైక్రాన్లు. అందులో 3 నుంచి 5 మైక్రాన్ల సిలికా రేణువులు కూరి ఉంటాయి. రేణువుల బదులు సన్న రంధ్రాలున్న ఒకే దిమ్మను గొట్టంలోనే పోతపోయడమూ ఉంది. వోల్టేజి 30 వేల దాకా పోతుంది గానీ కరెంటు మైక్రో ఆంపియర్ల లెక్కలోనే ఉంటుంది.

పీడనం ఒక్కదానితో నడిచేది హెచ్‌పీఎల్‌సీ. వోల్టేజి ఒక్కదానితో నడిచే పద్ధతులు రెండు: ఖాళీ గొట్టంలో అయితే కేశనాళిక ఎలక్ట్రోఫోరెసిస్, రేణువులు కూరిన గొట్టంలో అయితే ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ. ఇక్కడి విషయం వీటి నడిమి దారి. ఆ దారి ఎందుకు అవసరమైందో తెలుసుకోవాలంటే పరికరం దగ్గర కన్నా తడి మట్టి దగ్గర మొదలుపెట్టడం మేలు. ఈ శాస్త్రం పుట్టిందీ అక్కడే.

తడి మట్టిలో నీటి నడక

కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో, ముఖ్యంగా కుందూ లోయలో, నల్లరేగడి విస్తారంగా ఉంది. ఎండాకాలం కాలు దిగేంత నెర్రెలిచ్చే ఈ నేల, వానకు తడిసి ఉబ్బిందంటే నీటిని కిందికి దిగనివ్వదు. పైన నీళ్లు నిలిచే ఉంటాయి. కారణం రంధ్రాల సైజు. బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల కన్నా చిన్నవి, వాటి మధ్య సందులు ఇంకా చిన్నవి. పీడనంతో సందుల్లోంచి పోయే ద్రవం వేగం సందు వెడల్పు వర్గాన్ని బట్టి మారుతుంది. వెడల్పు పదో వంతుకు తగ్గితే వేగం నూరో వంతుకు పడిపోతుంది.

1809లో మాస్కోలో ఎఫ్. ఎఫ్. రాయిస్ అనే శాస్త్రవేత్త తడి బంకమట్టిలో రెండు గాజు గొట్టాలు గుచ్చి, వాటిలో నీళ్లు పోసి, బ్యాటరీ కలిపాడు. రుణ ధ్రువం ఉన్న గొట్టంలో నీటి మట్టం పెరిగింది. మట్టి సందుల్లోంచి నీరు నడిచింది. దీన్నే ఎలక్ట్రో ఆస్మాసిస్ అంటారు. బంకమట్టి రేణువు ముఖం మీద రుణావేశం ఉంటుంది. రేగడికి ఆ ఉబ్బే గుణాన్నిచ్చే మాంట్‌మొరిల్లొనైట్ ఖనిజంలో ఇది మరీ ఎక్కువ. ఆ ముఖాన్ని ఆనుకొని నీటిలో ధన అయాన్ల పలుచని పొర ఏర్పడుతుంది. విద్యుత్తు పెట్టగానే ఆ పొర రుణ ధ్రువం వైపు జారుతూ పక్కనున్న నీటినంతా తన వెంట లాక్కుపోతుంది. హెల్మ్‌హోల్ట్జ్ 1879లోనూ స్మొలుచోవ్‌స్కీ 1903లోనూ దీనికి గణితం కట్టారు. ఆ సమీకరణంలో వోల్టేజి ఉంది, ద్రవం చిక్కదనం ఉంది, ముఖం మీది ఆవేశం ఉంది. సందు వెడల్పు మాత్రం లేదు.

ఈ లోపించిన రాశి మీదే కథంతా నడిచింది. పీడనానికి లొంగని మట్టి వోల్టేజికి లొంగుతుంది. లియో కాసాగ్రాండె అనే ఇంజనీరు 1930ల చివర జర్మనీలో రైలుదారి తవ్వకాల దగ్గర, పంపులతో ఎంతకీ దిగని బంకమట్టి నీటిని ఇలాగే విద్యుత్తుతో లాగి గట్లు నిలబెట్టాడు. అదే లెక్క కేశనాళికకు దిగింది. సిలికా గోడ మీద కూడా రుణావేశమే ఉంటుంది, దాని పక్కన అదే ధన అయాన్ల పొర. నీటిలో లవణం లీటరుకు 1 మిల్లీమోల్ ఉంటే ఆ పొర మందం 10 నానోమీటర్లు, 10 మిల్లీమోల్ ఉంటే 3 నానోమీటర్లు. రేణువుల సందులు దీనికన్నా బాగా వెడల్పుగా ఉన్నంతవరకు ప్రవాహం తగ్గదు.

పంపు పరిమితి, విద్యుత్తు పరిమితి

క్రొమటోగ్రఫీలో రేణువు ఎంత చిన్నదైతే విడదీత అంత పదునుగా ఉంటుంది. హెచ్‌పీఎల్‌సీ కాలమ్‌లో 5 మైక్రాన్ల రేణువులకు 30 బార్ల పీడనం సరిపోయిందనుకుందాం. అదే పొడవు, అదే వేగం ఉంచి 1 మైక్రాన్ రేణువులు వేస్తే 750 బార్లు కావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల ల్యాబుల్లో పనిచేసే ఎవరినడిగినా పొద్దున్నే వినబడే ఫిర్యాదు ఒకటే, ప్రెషర్ పెరుగుతోంది, కాలమ్ చోకైంది అని. విద్యుత్తుతో నడిపితే ఈ బాధ ఉండదు. ఖాళీ గొట్టంలో అర మీటరుకు 30 వేల వోల్టులు పెడితే నీరు సెకనుకు సుమారు 2 మిల్లీమీటర్లు నడుస్తుంది. రేణువులు కూరితే కొంత తగ్గుతుందిగానీ ఆ తగ్గుదలకూ రేణువు సైజుకూ పెద్దగా సంబంధం లేదు.

ఇంకో లాభమూ ఉంది. పీడనంతో పోయే ద్రవం గొట్టం నడుమ వేగంగా, గోడల పక్కన నిదానంగా పోతుంది. అందువల్ల ఒకే పదార్థపు అణువులు ముందూ వెనకా అయిపోయి బ్యాండ్ వెడల్పవుతుంది. విద్యుత్తుతో పోయే ద్రవానికి తోపు గోడ దగ్గరే పుడుతుంది కాబట్టి గొట్టం అడ్డకోత అంతటా వేగం దాదాపు ఒకటే. డిటెక్టర్ గీసే గ్రాఫులో పీక్‌లు సన్నగా, నిటారుగా వస్తాయి.

ఇంత బాగుంటే పంపును పూర్తిగా పక్కన పెట్టవచ్చు కదా. పెట్టి చూశారు, కుదరలేదు. సిలికా గోడ మీది ఆవేశం పీహెచ్‌ను బట్టి మారుతుంది. క్షార ద్రావణంలో గోడకు ఆవేశం బలంగా ఉంటుంది, పీహెచ్ 3 కన్నా తగ్గితే దాదాపు లేనట్టే. అప్పుడు వోల్టేజి ఎంత పెట్టినా ద్రవం కదలదు. క్షారం వైపు మరీ పోతే సిలికాయే కరగడం మొదలుపెడుతుంది. అంటే రసాయన శాస్త్రవేత్త విడదీతకు అనువైన పీహెచ్ ఎంచుకుంటే ప్రవాహం పోతుంది, ప్రవాహం కోసం పీహెచ్ ఎంచుకుంటే విడదీత చెడుతుంది. రుణావేశమున్న పదార్థాలదైతే ఇంకో ఇబ్బంది. ద్రవం రుణ ధ్రువం వైపు పోతుంటే అవి ధన ధ్రువం వైపు లాగుతాయి. వేగమైనవి డిటెక్టర్ దాకా ఎన్నటికీ రావు. పంపు తోడైతే ద్రవం నడవడానికి గోడ ఆవేశం మీద ఆధారపడనక్కరలేదు. పీసీఈసీ అసలు బలం ఇదేనని నా అభిప్రాయం. వేగం, పదును అని పత్రాల్లో ముందుగా చెప్పుకునే లాభాలు దీని తర్వాతవే.

జంటగా నడిపినప్పుడు ఒక పదార్థం వేగాన్ని మూడు తోపులు నిర్ణయిస్తాయి: పంపు తెచ్చే ప్రవాహం, విద్యుత్తు తెచ్చే ప్రవాహం, ఆ పదార్థానికే ఆవేశం ఉంటే దాని సొంత పరుగు. వీటన్నిటికీ కళ్లెం వేసేది రేణువుల మీది పూత, అంటే స్థిర ప్రావస్థ. రెండు పదార్థాలు పూతకు సరిగ్గా ఒకే మోతాదులో అంటుకుంటాయనుకోండి. ఒకటి తటస్థం, రెండోది ధనావేశమున్న క్షారం. పంపుతో మాత్రమే నడిపితే రెండూ ఒకే పీక్‌గా వస్తాయి. బయటి కొసకు కొన్ని వేల వోల్టుల రుణ వోల్టేజి ఇస్తే క్షారం ముందుగా వస్తుంది. ధ్రువాలు తారుమారు చేస్తే వెనకబడుతుంది. కాలమ్ మార్చలేదు, ద్రావణి మార్చలేదు, ఒక మీట తిప్పి వరస మార్చినట్టయింది. హెచ్‌పీఎల్‌సీ చేతిలో లేని మీట ఇది. పెప్టైడ్ల వంటి, ఆవేశంలోనూ జిడ్డుగుణంలోనూ తేడాలున్న మిశ్రమాలకు దీని ఉపయోగం బాగా కనిపిస్తుంది. ఇలాంటి పనికి 30 వేల వోల్టులూ అక్కర్లేదు, తరచు కొద్ది వేలు చాలు.

బుడగ

విద్యుత్తుతో మాత్రమే నడిపే ఎలక్ట్రోక్రొమటోగ్రఫీని వెనక్కి లాగింది ముఖ్యంగా గాలిబుడగ. కాలమ్‌లో రేణువులు కారిపోకుండా రెండు కొసలా ఫ్రిట్ అనే అడ్డు పెడతారు. చాలాసార్లు ఆ రేణువులనే కాల్చి అతికించి చేస్తారు. కాలిన చోట ముఖం మీది ఆవేశం మారిపోతుంది. కూరిన భాగంలో ఒక వేగం, ఫ్రిట్‌లో ఇంకొకటి, ఆ తర్వాత ఖాళీ గొట్టంలో మరొకటి. వేగాలు కలవని చోట ద్రవం లాగబడి అందులో కరిగిన గాలి బయటికొస్తుంది. కరెంటు వల్ల పుట్టే వేడి దీనికి తోడు. బుడగ పుడితే కరెంటు తెగుతుంది, కరెంటు తెగితే ప్రవాహం ఆగుతుంది, కాసేపటికి కాలమ్ ఎండిపోతుంది. రాత్రి పెట్టిన రన్ పొద్దునకు గీత గీసినట్టు చదునుగా కనబడటం ఈ రంగంలో అందరికీ తెలిసిన అనుభవం.

దీనికి పీడనంతో రెండు రకాల మందులు వేశారు. మొదటిది, గొట్టం రెండు కొసల దగ్గరున్న సీసాలనూ నైట్రోజన్‌తో సమానంగా బిగించడం. రెండువైపులా ఒకే పీడనం కాబట్టి ప్రవాహం మారదు, బుడగ మాత్రం పుట్టదు. 1990లలో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ తన ఎలక్ట్రోఫోరెసిస్ యంత్రంలో 12 బార్ల దాకా ఇలా బిగించే ఏర్పాటు పెట్టింది. రెండోది అసలైన పీసీఈసీ. ఇందులో పీడనం ఒకవైపే, పంపు నుంచి. ద్రవాన్నీ నడుపుతుంది, బుడగనూ అణుస్తుంది.

రెండో పద్ధతికి విద్యుత్ భద్రత చూసుకోవాలి. పంపు లోహంతో చేసింది, దాన్ని ముట్టుకునేది మనిషి. అందుకని పంపు వైపు కొసను ఎర్త్ చేసి, హైవోల్టేజిని అవతలి కొసకు ఇస్తారు. పంపు నిమిషానికి మిల్లీలీటరులో పదో వంతు పంపితే కేశనాళిక అందులోంచి కొన్ని వందల నానోలీటర్లే తీసుకుంటుంది, మిగతాది చీలిక గొట్టం గుండా వ్యర్థాల సీసాలోకి పోతుంది. ద్రావణి ఆదా అవుతుందని ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ఆ సీసాను కూడా లెక్కలో వేసుకోవాలి.

ఎవరెవరి చేతుల మీదుగా

మిఖాయిల్ త్స్వెట్ 1903లో వార్సాలో ఆకుల రంగులను సుద్దపొడి కాలమ్‌లో విడదీసి చూపాడు. విద్యుత్తుతో ప్రోటీన్లను విడదీసినందుకు ఆర్నె టిసేలియస్‌కు 1948లో, పంపిణీ క్రొమటోగ్రఫీకి ఆర్చర్ మార్టిన్, రిచర్డ్ సింజ్‌లకు 1952లో నోబెల్ బహుమతులు వచ్చాయి. రెండింటినీ కలపాలన్న ఊహ అంతకుముందే ఉంది. 1939లోనే హెరాల్డ్ స్ట్రెయిన్ అధిశోషణ కాలమ్ మీద విద్యుత్తు పెట్టాడు. సింజ్ కూడా 1950లలో పాలీశాకరైడ్లను పొరల రంధ్రాల గుండా ఎలక్ట్రో ఆస్మాసిస్‌తో నడిపి విడదీశాడు. అయితే అప్పటికి సన్నని సిలికా గొట్టాలు లేవు. లావు గొట్టంలో విద్యుత్తు పెడితే ద్రవం వేడెక్కి కలగాపులగమవుతుంది.

1974లో దక్షిణాఫ్రికాకు చెందిన ప్రిటోరియస్, హాప్కిన్స్, షీకె వేగవంతమైన ద్రవ క్రొమటోగ్రఫీకి ఎలక్ట్రో ఆస్మాసిస్ మేలైన చోదకమని చూపారు. 1981లో అమెరికాలో జేమ్స్ జోర్గెన్సన్, క్రిన్ లుకాక్స్ 75 మైక్రాన్ల గాజు కేశనాళికలో ఎలక్ట్రోఫోరెసిస్ చేసి ఈ రంగానికి గట్టి పునాది వేశారు. రేణువులు కూరిన గొట్టంలోనూ ప్రయత్నించారుగానీ, పడ్డ శ్రమకు దక్కినది తక్కువనిపించింది. పీడనాన్నీ వోల్టేజినీ ఉద్దేశపూర్వకంగా జత చేసినది జపాన్‌లో తకావో త్సుదా. 1987లో వెలువడిన ఆయన పరిశోధనలో కూరిన కాలమ్‌కు రెండు తోపులూ ఏకకాలంలో ఇచ్చాడు. అదే ఏడాది ఎడిన్‌బరోలో జాన్ నాక్స్, ఇయాన్ గ్రాంట్ సైద్ధాంతిక లెక్కలు వేసి, అర మైక్రాన్ దరిదాపుల రేణువుల దాకా విద్యుత్తుతో నడపవచ్చని అంచనా కట్టారు. తర్వాత షాంఘైలో చావ్ యాన్ పీసీఈసీని పరిశోధక పత్రాల నుంచి అమ్మకానికి ఉన్న యంత్రం దాకా తీసుకెళ్లాడు.

1990ల మధ్యలో గ్లాక్సో కంపెనీకి చెందిన నార్మన్ స్మిత్, ఆయన తోటి పరిశోధకుడు ఎవాన్స్ అయాన్ మార్పిడి పూతతో కూరిన కాలమ్‌లో మీటరుకు 80 లక్షల ప్లేట్ల పదును చూశామని ప్రకటించారు. ప్లేటు అంటే విడదీత పదునుకు కొలమానం, మామూలుగా ఈ పద్ధతిలో ఒకటి రెండు లక్షలు వస్తే గొప్ప. అందరూ ఎగబడి చేశారు. ఆ ఫలితం కొన్నిసార్లు వచ్చేది, చాలాసార్లు రాలేదు. మందుల నాణ్యత పరీక్షలో ఒకసారి అద్భుతంగా వచ్చి మరుసటి రోజు రానిదానికి విలువ లేదు. ఎలక్ట్రోక్రొమటోగ్రఫీ మీద పరిశ్రమకు నమ్మకం సడలడానికి ఇదొక కారణం. ఫ్రిట్‌ల గొడవ వదిలించుకోవడానికి ఫ్రాంటిషెక్ స్వెట్స్, జాన్ ఫ్రెషె వంటివాళ్లు గొట్టంలోనే పాలిమర్ దిమ్మను పోతపోసే పద్ధతి తెచ్చారు. అది నిలబడింది.

పందెం చివరికి పంపు గెలిచింది. 1997లో పీడనాన్ని వేల బార్లకు పెంచి, మైక్రాన్ పైన కొద్దిగా ఉండే రేణువులను పంపుతోనే నడిపి చూపినది ఎవరో కాదు, అదే జోర్గెన్సన్ బృందం. 2004లో వాటర్స్ కంపెనీ 1.7 మైక్రాన్ల రేణువులతో, వెయ్యి బార్ల పంపుతో యంత్రాన్ని మార్కెట్‌లోకి తెచ్చాక, చిన్న రేణువుల కోసం విద్యుత్తును ఆశ్రయించాలన్న వాదన బలం చాలావరకు పోయింది. మిగిలింది వరస మార్చే మీట, ఆవేశం లేని గోడ దగ్గర సాయం. ఈ రెండో పనికి మంచి ఉదాహరణ జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయానికి చెందిన తొమోయోషి సోగా 2002లో చేసిన పని. ఎక్కువ రుణావేశమున్న జీవక్రియా పదార్థాలను ఎలక్ట్రోఫోరెసిస్‌తో విడదీసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపాలి. ఆవేశం లేని పూత వేసిన గొట్టంలో ద్రవం తనంతట తాను నడవదు కాబట్టి వెనక నుంచి కొద్దిగా గాలి పీడనం ఇచ్చాడు.

సీమ నీళ్లు, సీమ పంట

కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదికి సగటు వాన 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో. బోరు నీళ్ల మీద బతికే పల్లెలకు ఈ విశ్లేషణ శాస్త్రంతో నేరుగా పని ఉంది. ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. దేశంలో నీటి ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును వైద్యులు మొదట గుర్తించినది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలో. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా అనుమతి. ఫ్లోరైడ్ చిన్న రుణ అయాన్. కేశనాళిక ఎలక్ట్రోఫోరెసిస్ దాన్ని క్లోరైడ్, నైట్రేట్, సల్ఫేట్‌లతో పాటు కొద్ది నిమిషాల్లో విడదీస్తుంది. కానీ ఊరి బోరు నీటికి ఇది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. ఫ్లోరైడ్‌ను మాత్రమే చూసే ఎలక్ట్రోడ్‌తో ఆ పని చవకగా అయిపోతుంది.

కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో దొరికే యురేనియం ఇంకా ఆసక్తికరం. అక్కడి ఖనిజం సున్నపురాయి జాతి డోలమైట్‌లో ఉంది. ఆమ్లం పోస్తే రాయే ఆమ్లాన్ని తినేస్తుంది కాబట్టి కార్బొనేట్ ద్రావణంతో, వేడి, పీడనాల మధ్య కరిగిస్తారు. కరిగిన యురేనియం మూడు కార్బొనేట్లను పట్టుకొని నాలుగు రుణావేశాలున్న అయాన్ అవుతుంది. నీటిలో కాల్షియం ఉంటే అది రెండు కాల్షియం అయాన్లను కూడా చేర్చుకొని ఆవేశమే లేని రూపానికి మారగలదు. తాగునీటికి పరిమితి లీటరుకు 0.03 మిల్లీగ్రాములు. మొత్తం ఎంత ఉందో కొలవడానికి ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్ చాలు. ఏ రూపంలో ఉందన్నది వేరే ప్రశ్న. ఒకటి నాలుగు ఆవేశాలతో ప్రవాహానికి ఎదురీదేది, మరొకటి ప్రవాహంతో కొట్టుకుపోయేది. సూత్రం ప్రకారం వోల్టేజి వీటిని విడదీయాలి. చిక్కేమిటంటే ఈ రూపాలు ఒకదానిలోకి ఒకటి క్షణాల్లో మారిపోతుంటాయి. విడదీస్తుండగానే నిష్పత్తి మారే ప్రమాదం ఉంది.

కర్నూలు వైపు బుడ్డలు అని పిలిచే వేరుశనగ దగ్గర మాత్రం ఆవేశం అసలే పనికిరాదు. కాయ ముదిరే వేళ వాన మొహం చాటేస్తే, నేల వేడెక్కి ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ బూజు కాయలోకి దిగి అఫ్లటాక్సిన్ తయారు చేస్తుంది. కరువుసీమ పంటకు ఇది అంటిపెట్టుకున్న కీడు. పఠాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ దీని మీద ఏళ్లుగా పనిచేస్తోంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయి, దాణాలోని బ్రెజిల్ వేరుశనగ చెక్క దాకా ఆనవాలు తీసుకెళ్లినప్పుడు ఈ విషం బయటపడింది. పలుచని పొర క్రొమటోగ్రఫీలో నీలంగా మెరిసినవాటికి బీ1, బీ2 అనీ ఆకుపచ్చగా మెరిసినవాటికి జీ1, జీ2 అనీ పేర్లు పెట్టారు. యూరప్‌లో నేరుగా తినే వేరుశనగలో బీ1 కిలోకు 2 మైక్రోగ్రాములు, నాలుగూ కలిపి 4 మైక్రోగ్రాములు దాటకూడదు.

నాలుగూ తటస్థ అణువులే. ఖాళీ కేశనాళికలో వోల్టేజి పెడితే నాలుగూ గుంపుగా ప్రవాహంతోపాటు బయటికొస్తాయి. వాటిని పట్టి ఆపడానికి ఏదో ఒక పూత ఉండాలి, లేదా షిగెరు తెరాబె 1984లో చూపినట్టు సబ్బు అణువుల గుంపులను ద్రావణంలో కలపాలి. ఈ రెండో పద్ధతిలో అఫ్లటాక్సిన్లను 1980ల చివర్లోనే విడదీశారు. పీసీఈసీలోనైతే విడదీతంతా పూత చేస్తుంది, వోల్టేజి పని ప్రవాహాన్ని నడపడం వరకే. తటస్థ పదార్థాలకు అది వరస మార్చలేదు. కాబట్టి ఎగుమతి వేరుశనగను పరీక్షించే ల్యాబుల్లో దీనికి చోటు దొరకకపోవడంలో వింత లేదు. అక్కడి రివాజు వేరు: యాంటీబాడీ కాలమ్‌తో విషాన్ని ఏరి, హెచ్‌పీఎల్‌సీ పంపుతో విడదీసి, మెరుపును కొలవడం. నీరు ఎక్కువున్న ద్రావణిలో బీ1, జీ1 మెరుపు మందగిస్తుంది. దాన్ని పెంచడానికి కాలమ్ దాటాక బ్రోమిన్ తగిలించాలి. ఆ బ్రోమిన్‌ను అప్పటికప్పుడు, ద్రావణిలో కలిపిన బ్రోమైడ్ లవణం నుంచి, కాలమ్ చివర బిగించిన చిన్న విద్యుత్ ఘటం పుట్టిస్తుంది.